లోకనాథం మాస్టారు లోపల లేరు

నమోదు 6,871. మే 2, ఉదయం ఏడు నుంచి.

కార్డుల గది, ఒకటో అంతస్తు. విధుల్లో ఉన్నది గొర్లె దమయంతి, సర్వీసులో పందొమ్మిదో ఏడు. బయట నలభై ఆరు డిగ్రీలు, లోపల ఇరవై ఎనిమిది. ఈ పుస్తకాన్ని నెలాఖరున కమిటీ తొమ్మిది మందీ చదివి సంతకం పెట్టాలని నియమం. సంతకం పెడతారు, చదవరు. పోయిన అక్టోబరులో ఒక పేజీ నిండా గుత్తి వంకాయ కూర ఎలా చెయ్యాలో రాశాను. దాని కిందా తొమ్మిది సంతకాలున్నాయి. అందుచేత ఇందులో నాకు తోచింది రాసుకుంటాను.

ఈ పూట పని రీడర్లు తుడవడం. నిన్న శుక్రవారం. శుక్రవారం వచ్చిందంటే మేడలో ఆడవాళ్ళు తలుపుల పక్కనున్న రీడర్లకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతారు. కొందరు అగరొత్తి కూడా గుచ్చుతారు. శనివారం పొద్దున్నే నేను తడిగుడ్డ పట్టుకుని తొంభై అంతస్తులూ తిరిగి దేవుళ్ళందరికీ మొహాలు కడగాలి. రీడరు అంటే ఏమిటో పందొమ్మిదేళ్ళుగా చెబుతున్నాను. కార్డులో బ్యాటరీ ఉండదు. నాలుగు వేళ్ళ దూరంలోకి తెస్తే రీడరు దగ్గరున్న కాస్త కరెంటు పుచ్చుకుని మేలుకుంటుంది, తన నెంబరు చెబుతుంది, మళ్ళీ పడుకుంటుంది. మా కమిటీ సభ్యులూ అంతే, ప్రెసిడెంటు దగ్గరికొస్తే తప్ప నోరు విప్పరు. ఇందులో దేవుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు.

మధ్యాహ్నం రిజిస్టరు, అంటే కార్డుల లెక్క చూసే కంప్యూటరు, తనంతట తాను మూడు కార్డులు పడుకోబెట్టింది. నూట ఎనభై రోజులు ఏ రీడరుకూ కనబడని కార్డును అది చంపేస్తుంది. ఆ మనిషి మేడలో లేనట్టు లెక్క. గది ఖాళీ చేయించి, క్యూలో ఉన్న నాలుగు వందల కుటుంబాల్లో ఒకరికి ఇస్తారు. మూడింట్లో ఇద్దరు నిజంగానే పోయారు, నేనే శవాలకు గేటు తెరిచాను. మూడోది 31వ అంతస్తు, 14వ గది, సనపల లోకనాథం. లెక్కల మాస్టారు.

ఆయన్ని నిన్న సాయంత్రం క్యాంటీన్‌లో చూశాను. ఉప్మా తింటున్నారు.

నమోదు 6,873. మే 4, పదకొండు గంటలు.

మాస్టారు వచ్చారు. డెబ్బై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. చేతిలో కమిటీ నోటీసు. మే 31 లోగా గది ఖాళీ చెయ్యాలి, లేదా తాను మేడలోనే ఉన్నట్టు రుజువు చూపాలి. చూపకపోతే ఈయన కొండవాలున ఉన్న రేకుల షెడ్లకు పోవాలి. జూన్‌లో ఆ రేకుల కింద యాభై దాటుతుంది. పోయిన ఏడు అక్కడికి వెళ్ళిన డెబ్బై దాటినవాళ్ళలో వానలు పడేసరికి మిగిలినవాళ్ళు ఇద్దరు.

కార్డు తీసి నా బల్ల మీద పెట్టారు. కొత్తదానిలా మెరుస్తోంది. అందరి కార్డులూ అంచులు అరిగి, పసుపు మరకలతో ఉంటాయి. మగవాళ్ళయితే పర్సు తియ్యకుండానే పిరుదు రీడరుకు ఆనించి తలుపు తీస్తారు, వాళ్ళ కార్డులు వంకర తిరిగి ఉంటాయి. ఈయనది జేబులోంచి బయటికొచ్చిన దాఖలా లేదు.

"మీరు ఒక్కసారి కూడా రీడరుకు పెట్టలేదా మాస్టారూ?" అన్నాను.

"పెట్టనిస్తే కదమ్మా. తలుపు దగ్గరికెళ్ళేసరికి ఎవరో ఒకరు పరిగెత్తుకుని వచ్చీస్తారు. మీరుండండి మాస్టారూ, మీరుండండి మాస్టారూ, అని. కాదంటే నొచ్చుకుంటారు."

"తిండి? క్యాంటీన్‌లో కార్డు పెట్టందే ప్లేటు రాదు."

"నువ్వు కూర్చో మాస్టారూ, నే తెస్తానంటారు. వాళ్ళ కార్డు మీదే తెస్తారు."

"ఇక్కడికి ఎలా వచ్చారు మరి? మీ కార్డు చచ్చిపోయి రెండు రోజులైంది."

"ఎవరో అమ్మాయి తీసింది. నా దగ్గర చదువుకుందట."

నాకు ఒళ్ళు మండింది. ఈ మేడ కట్టి నలభై అయిదేళ్ళు. సముద్రం బీచ్ రోడ్డును మింగాక కొండ మీద దీన్ని కట్టుకుని జనం లోపలికొచ్చిన మొదటి ఏడు నుంచీ ఈయన ఇక్కడి బడిలో లెక్కలు చెప్పారు. సగం మేడ ఆయన శిష్యులే. వాళ్ళంతా కలిసి ఆయన్ని చెయ్యెత్తనివ్వకుండా గౌరవించి, గౌరవించి, రిజిస్టరులోంచి తుడిచిపెట్టారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "మాస్టారూ, మీ కార్డు కూడా ఒకసారి పెట్టండి" అని ఉంటే సరిపోయేది. అలా అనడం అమర్యాద కదా.

నేను ఆయనకు ఎప్పుడూ తలుపు తియ్యలేదు. ఎవరికీ తియ్యలేదు. ఆరు నుంచి పది దాకా నాకూ ఆయనే లెక్కలు చెప్పారు. పదో తరగతి ప్రోగ్రెస్ కార్డులో "లెక్కలు బాగా వచ్చును, మర్యాద తెలియదు" అని రాశారు. రెండూ నిజమే.

నమోదు 6,878. మే 9.

ప్రెసిడెంటు పొట్నూరు జగ్గారావుగారిని కలిశాను. ఆయన గదిలో రెండు ఫ్యాన్లు, గోడ మీద ఆయన ఫొటోలు నాలుగు. ఒకదానిలో మాస్టారి కాళ్ళకు దణ్ణం పెడుతున్నారు.

"చూడమ్మా దమయంతీ, మనకి సెంటిమెంట్లుంటాయి, సిస్టానికి ఉండవు" అన్నారు. "మాస్టారంటే నాకు దేవుడితో సమానం. కానీ రూల్ అందరికీ ఒకటే."

"ఆయన లోపల ఉన్నారు కదండీ. మీరే రోజూ చూస్తున్నారు."

"కళ్ళతో చూసింది సాక్ష్యం కాదని మనమే తీర్మానం చేసుకున్నాం. షెడ్లవాళ్ళు మన వాళ్ళలా తయారై వచ్చీసిన రోజుల్లో. రీడింగైనా ఉండాలి, లేదా తలుపు తీసినవాళ్ళైనా వచ్చి చెప్పాలి. ఎవరైనా ఒక్కరు, నేను తీశాను అని సంతకం పెడితే చాలు, మాస్టారికి కార్డు తిరిగి ఇచ్చేస్తాం."

ఇక్కడే ఉంది తిరకాసు. ఒక కార్డు మీద ఇద్దరు తలుపు దాటితే దాన్ని జంట ప్రవేశం అంటారు. మేడలో అంతకు మించిన నేరం లేదు. ఒకసారికి మూడు నెలలు లిఫ్టు బంద్. ఎనభయ్యో అంతస్తు మనిషికి అదేమిటో చెప్పక్కర్లేదు. మూడోసారికి షెడ్లు. మాస్టారికి తలుపు తీసినవాళ్ళు ఒకటీ రెండూ కాదు, రోజుకు రెండుసార్లు తీసినవాళ్ళున్నారు. ఒక్కసారి తీశానని ఒప్పుకుంటే మిగతా లెక్క ఎవరైనా తవ్వుతారు.

"మీరు ఎప్పుడూ తియ్యలేదా ఆయనకి?" అని అడిగాను.

జగ్గారావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. శుభ్రంగానే ఉంది అది. "నేను ప్రెసిడెంటునమ్మా" అన్నారు.

నమోదు 6,880. మే 11.

ముప్పై ఒకటో అంతస్తుకు వెళ్ళాను. మాస్టారి పక్కగదిలో కనకరత్నం ఉంటుంది. యాభై ఏళ్ళ మనిషి, గట్టి గొంతు, మాస్టారికి పొద్దుటి కాఫీ తెచ్చేది తనే. మొన్నటి దాకా ఎవరు కనబడినా "మా మాస్టారికి నానే కళ్ళూ కాళ్ళూ" అని చెప్పుకునేది.

"కాఫీ తెచ్చినప్పుడు నడవా తలుపు ఎవరి కార్డు మీద తీసేదానివి?" అన్నాను.

"ఓలమ్మ, నానెప్పుడు తీసేను?"

"మరి ఆయన క్యాంటీన్‌కు ఎలా వెళ్ళేవారు?"

"ఏమో, నాకేటి తెలుసు. గాలికెలిపోయీవారేమో." నవ్వింది. నేను నవ్వలేదు. అప్పుడు గొంతు తగ్గించింది. "అమ్మా దమయంతీ, నీకు దణ్ణం పెడతాను. మహా అయితే ఓ నాలుగుసార్లు తీసేనేమో. మూడింటికే షెడ్డు. కోడలు నీళ్ళోసుకుంది. ఆ రేకుల కింద పురుడెలగ పోస్తాను చెప్పు?"

ఆమె భయం అబద్ధం కాదు. అది నాకు తెలుసు. అయినా ఆమె మొహం చూడబుద్ధి కాలేదు, లేచి వచ్చేశాను. ఆ సాయంత్రం పదిహేడు మందిని అడిగాను. ఒకాయన నీళ్ళు నమిలాడు. ఒకావిడ నేను అడగకముందే తల అడ్డంగా ఊపింది. ఒక ఇంజనీరు మాస్టారి మీద తాను రాసిన పద్యం చదివి వినిపించి, తలుపు సంగతికొచ్చేసరికి స్నానానికి వెళ్ళిపోయాడు.

నమోదు 6,886. మే 17.

మనుషులు చెప్పకపోతే తలుపుల్ని అడిగాను. రీడరు కార్డు నెంబరుతో పాటు తలుపు ఎంతసేపు తెరిచి ఉందో కూడా రాసుకుంటుంది. ఆ అంకెల్ని ఎవరూ చూడరు. ఒక మనిషి దాటడానికి ఆరు సెకన్లు. మాస్టారు ఆ మోకాళ్ళతో దాటాలంటే పదిహేను.

31వ అంతస్తు నడవా తలుపు. పొద్దున్న ఆరూ నలభై. పదిహేను సెకన్లు. ఆపైన లిఫ్టు వసారా, పదిహేను. ఆపైన క్యాంటీన్, పధ్నాలుగు, ఆకలి మీద ఉన్నారు కాబోలు. రోజు తరవాత రోజు, ఆయన అడుగులు ఆ అంకెల్లో కనబడుతూనే ఉన్నాయి. మూడు రోజులు కూర్చుని నూట ఎనభై రోజులవీ తీశాను. మూడు వేల తొమ్మిది వందల నలభై సార్లు. రెండు వందల పద్నాలుగు కార్డులు.

కనకరత్నం నాలుగుసార్లు కాదు, నాలుగు వందల పన్నెండు. పద్యం ఇంజనీరు ఎనభై ఆరు. కమిటీ తొమ్మిది మందీ ఉన్నారు. జగ్గారావుగారు అరవై ఒకటి.

నా ఆనందం దాచుకోను. రెండు వందల పద్నాలుగు మంది పెద్దమనుషులు ఒక్క కాగితాల కట్టలో నా బల్ల మీద పడుకుని ఉన్నారు. టీ తాగుతూ రెండుసార్లు చదువుకున్నాను.

నమోదు 6,888. మే 19.

మాస్టారి గదికి వెళ్ళి జాబితా చూపించాను. చూపించకుండా ఉండాల్సింది. ఆయన అద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి వరసగా చదివారు, పరీక్ష పేపర్లు దిద్దేటట్టు. కొన్ని పేర్ల దగ్గర ఆగి చిన్నగా నవ్వారు. ఆఖరికి కట్ట మూసి నా వైపు తోశారు.

"ఇది ఇచ్చీకు దమయంతీ."

"ఎందుకు ఇవ్వకూడదు?"

"మూడుసార్లయితే షెడ్డు కదా రూలు. ఇందులో మూడుకి తక్కువున్నవాడు ఒక్కడూ లేడు. రెండు వందల పద్నాలుగు కుటుంబాలు. నా ఒక్కడికోసం వీళ్ళందరినీ ఎండలో పెడతావా?"

"వాళ్ళందరి కోసం మిమ్మల్ని పెట్టొచ్చా?"

"నాకు డెబ్బై ఎనిమిదేళ్ళమ్మా."

"వాళ్ళలో ఒక్కడూ మీ పేరెత్తడం లేదు. మిమ్మల్ని చూస్తే మొహం చాటేస్తున్నారు. మొన్నటి నుంచీ మీకు కాఫీ లేదు, నాకు తెలుసు."

"పిల్లలకి భయమేస్తే అబద్ధమాడతారు" అన్నారు. అరవయ్యేళ్ళ జగ్గారావుగారు కూడా ఈయనకు పిల్లాడే. అంత మంచితనం నాకు అర్థం కాదు. చెప్పాలంటే చిరాకు. నాకు ఈయన మీద ప్రేమ కన్నా నా రిజిస్టరు మీద కోపం ఎక్కువ. బల్లకు అవతల కూర్చుని ఊపిరి పీలుస్తున్న మనిషిని అది లేడంటోంది. పందొమ్మిదేళ్ళు నేను ఒక్క అంకె తప్పు పోనివ్వని లెక్క అది.

నమోదు 6,895. మే 26, కమిటీ సమావేశం, సాయంత్రం నాలుగు.

జాబితా ఇచ్చాను.

జగ్గారావుగారు మొదటి పేజీ చూశారు. ఎక్కువసార్లు తీసినవాళ్ళ పేర్లు పైన రాశాను, ఆయన పేరు రెండో పేజీలో ఉంది. రెండో పేజీ తిప్పారు. కట్టను పక్కవాడికి అందించారు. అది బల్ల చుట్టూ తిరిగింది. ఒక్కొక్కరూ ఎవరి పేరు వాళ్ళు వెతుక్కోవడం, దొరికాక కట్ట మూసెయ్యడం నేను నిలబడి చూశాను.

"ఈ సెకన్ల లెక్క ఎంతవరకు కరెక్టో చెప్పలేం కదమ్మా" అన్నారు జగ్గారావుగారు.

"తలుపులు నేనే చూస్తానండీ. కరెక్టే."

"తలుపులు పాతబడ్డాయి. స్ప్రింగులు వదులయ్యాయి."

"అన్ని తలుపులూ, మాస్టారు నడిచే దారిలోనే, ఆయన నడిచే టైములోనే వదులవుతాయా?"

"వెటకారం వద్దు" అన్నాడొక సభ్యుడు. అతను నలభై నాలుగుసార్లు.

అప్పుడు మాస్టారిని లోపలికి పిలిచారు. ఆయన బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు, ప్యూను తీసుకొచ్చాడు. జగ్గారావుగారు లేచి కుర్చీ జరిపి కూర్చోబెట్టారు, మంచినీళ్ళిచ్చారు. తరవాత అడిగారు.

"మాస్టారూ, ఈ ఆరు నెలల్లో మేడలో ఎవరైనా తమ కార్డు మీద మీకు తలుపు తీశారా?"

నేను ఆయన వైపే చూస్తున్నాను. ఆయన బల్ల చుట్టూ ఒకసారి చూశారు, హాజరు వేసేటట్టు. తొమ్మిది మందిలో ఏడుగురు ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు. ఒక్కరూ తలెత్తలేదు.

"లేదు బాబూ. ఎవరూ తియ్యలేదు" అన్నారు.

తీర్మానం రాశారు. తలుపు టైమర్లు నమ్మదగినవి కావు. సనపల లోకనాథం అనే వ్యక్తి మేడలో ఉన్నట్టు ఆధారం లేదు. ఏకగ్రీవం. రెండో తీర్మానం కూడా చేశారు: విద్యాదానం చేసిన మాస్టారికి 31న గేటు దగ్గర ఘనంగా వీడ్కోలు సన్మానం చెయ్యాలి. అదీ ఏకగ్రీవమే.

నడవాలో ఆయన్ని నిలదీశాను. ఎందుకలా చెప్పారని అరిచాను కూడా.

"నిజం చెబితే ఏటవుద్ది? వాళ్ళు ముందరే ఒప్పుకోలేదు. నా నోటంట వస్తే సిగ్గొకటి మిగులుతుంది వాళ్ళకి" అన్నారు. "నీ కాగితాలు కరెక్టే అమ్మా. నూటికి నూరు. కానీ ఆ గదిలో నాకు తలుపు తియ్యనిదానివి నువ్వొక్కర్తివే. నిన్ను సాక్ష్యం అడగడానికీ లేదు."

నమోదు 6,900. మే 31, ఉదయం పది నుంచి.

ఇది పూర్తిగా రాస్తాను. ఎవరూ చదవకపోయినా సరే.

పొద్దున్నే 31/14 గదికి కొత్త గొళ్ళెం బిగించారు. కొత్త కుటుంబం సామాను నడవాలో దించింది. వాళ్ళ తప్పేమీ లేదు, ఆరేళ్ళు క్యూలో ఉన్నారు. మాస్టారి సామాను ఒక చేతిసంచీ, ఒక గొడుగు. సన్మానానికి దిగే గుంపు వెనక ఆయనా దిగారు, ఏ తలుపు ఎవరి కార్డు మీద దాటారో ఎవరూ చూడలేదట.

గేటు హాలులో షామియానా కట్టారు. పైకప్పు ఉన్న హాలులో షామియానా ఎందుకో అడగకూడదు. మూడు వందల మంది వచ్చారు. కుర్చీ, దండ, పళ్ళు, శాలువా, జ్ఞాపిక. బయట నలభై తొమ్మిది డిగ్రీలు. అందులోకి పంపబోయే మనిషికి ఉన్ని శాలువా కప్పారు. జ్ఞాపిక మీద "మా మార్గదర్శి" అని బంగారు రంగుతో రాయించారు. మేడలో లేని మనిషి పేరు దాని మీద ఎలా చెక్కించారని జగ్గారావుగారిని అడిగాను, వినబడనట్టు మైకు సర్దుకున్నారు. ఇంజనీరు పద్యం చదివాడు. కనకరత్నం నిజంగానే ఏడ్చింది. వరసగా వచ్చి కాళ్ళకు దణ్ణాలు పెట్టారు, నేను లెక్కపెట్టాను, నూట ముప్పై ఒకటి. ఫొటోలు తీసుకున్నారు. జగ్గారావుగారు ప్రసంగంలో "మాస్టారు మన గుండెల్లో ఎప్పుడూ ఉంటారు" అన్నారు. గుండెల్లో ఉండడానికి కార్డు అక్కర్లేదు కనుక ధైర్యంగానే అన్నారు.

తరవాత మాస్టారు దండ తీసి కుర్చీకి తగిలించి, సంచీ గొడుగు పట్టుకుని గేటు దాకా నడిచారు. జనం రెండు పక్కలా నిలబడి చప్పట్లు కొట్టారు.

గేటు తెరుచుకోలేదు.

లోపలి నుంచి బయటికి పోవాలన్నా కార్డు పెట్టాలి. మాస్టారి కార్డు చచ్చిపోయి నెల. అలవాటు ప్రకారం ఆయన తలుపు ముందు ఆగి నిలబడ్డారు, ఎవరో ఒకరు తీస్తారని. చప్పట్లు కాసేపు సాగి ఆగిపోయాయి.

ఎవరూ కదల్లేదు. గేటు మీద కెమెరా ఉంది. మూడు వందల మంది కళ్ళముందు తన కార్డు పెట్టి ఇంకో మనిషిని దాటించడమంటే జంట ప్రవేశం. ఇన్నాళ్ళూ ఎవరూ చెయ్యలేదని ప్రమాణాలు చేసిన పని.

జగ్గారావుగారు గేటు కాపలాదారు సింహాచలాన్ని పిలిచారు. "తియ్యవయ్యా."

సింహాచలం పాతికేళ్ళుగా గేటు దగ్గర ఉన్నవాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నాను తీస్తే కెమెరాలో నా బొమ్మే పడద్ది బాబూ. మర్నాడు జంట పారం నింపాలి. అందులో రెండో గడిలో లోపలున్న మనిషి ఎవరని రాయాల? ఈయన లేరని మీరే రాసేసేరు కదేటి. పేరు లేని పారం నానెక్కడ పెట్టుకోను?"

"నువ్వు తియ్యి దమయంతీ. నీది అన్ని తలుపులూ తీసే మాస్టర్ కార్డు" అన్నారు నా వైపు తిరిగి.

"నా కార్డు మీద కూడా ఒక్క మనిషే వెళ్ళాలండీ. మీరు తియ్యండి, మీకు అలవాటే. అరవై రెండోసారి అవుతుంది."

ఇంతమందిలో ఆ అంకె గట్టిగానే వినబడింది. ఆయన మొహం కందగడ్డలా అయింది. కొంతసేపు ఫోను చూసుకున్నారు. ఏదో అర్జెంటు మీటింగన్నారు. వెళ్ళిపోయారు. ఆ తరవాత ఒక్కొక్కరికీ పనులు గుర్తొచ్చాయి. పొయ్యి మీద పప్పు, ట్యూషన్ నుంచి రావలసిన మనవరాలు, మోకాలి నొప్పి. కనకరత్నం కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. పావుగంటలో షామియానా కింద ఖాళీ కుర్చీలు మిగిలాయి. కెమెరా కంటపడకుండా సింహాచలం స్తంభం వెనక నిలబడ్డాడు.

మాస్టారు గేటు దగ్గర నిలబడే ఉన్నారు, శాలువాతో, చెమటలు కక్కుతూ. బయటికి పోవడానికి తలుపు లేదు. వెనక్కి పోవడానికి గది లేదు. హాలు తలుపు తియ్యడానికీ ఎవరూ లేరు.

"ఏం చెయ్యమంటావమ్మా?" అన్నారు.

నాకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఆ రెంటినీ ఎవరిమీద చూపించాలో తెలియలేదు. సింహాచలం అన్న మాట మటుకు తలలో తిరుగుతోంది. రెండో గడి. ఆ ఫారం నేనే అచ్చు వేయిస్తాను. మొదటి గడిలో తలుపు తీసినవాళ్ళ పేరు, రెండో గడిలో లోపల ఉన్న మనిషి పేరు, అంతస్తు, ఇద్దరి సంతకాలు. రెండో గడి ఖాళీగా ఉంటే కేసు చెల్లదు, ఎవరినీ శిక్షించడానికి వీల్లేదు. నింపి కమిటీ ముద్ర వేస్తే, ఆ మనిషి ఆ రోజు మేడలో ఉన్నట్టు కమిటీయే ఒప్పుకున్నట్టు. జగ్గారావుగారు అడిగిన ఒక్క సంతకం అదే.

సంచీ నేను అందుకున్నాను.

11.42. గేటు హాలు తలుపు. నా కార్డు, ఇద్దరు. పదహారు సెకన్లు.

11.45. లిఫ్టు వసారా. నా కార్డు, ఇద్దరు. పదిహేను.

11.47. లిఫ్టు. నా కార్డు, ఇద్దరు. ఇరవై రెండు, గొడుగు తలుపులో ఇరుక్కుంది.

11.51. పన్నెండో అంతస్తు నడవా, మా ఇంటి వైపు. నా కార్డు, ఇద్దరు. పదిహేను.

12.20. క్యాంటీన్, రానూ పోనూ కలిపి ఒకటి. నా కార్డు, ఇద్దరు. అన్నం, పప్పు, ఆనపకాయ పులుసు. ప్లేటు నేనే తెచ్చాను. శాలువా మడిచి సంచీలో పెట్టాను.

మధ్యలో ఎదురైనవాళ్ళు గోడలకు అంటుకుని దారిచ్చారు. ఒకావిడ తన కార్డు పైట కింద దాచుకుంది, మాస్టారు లాక్కుంటారన్నట్టు.

మూడోదానికే నాకు షెడ్లు. అయిదు అయ్యాయి, అన్నీ కెమెరాలో ఉన్నాయి, అన్నీ ఈ పుస్తకంలో ఉన్నాయి. నాకు యాభై రెండేళ్ళు, గట్టి ఒళ్ళు. షెడ్లలో తలుపులే లేవట, తుడవడానికి రీడర్లూ ఉండవు. శనివారాలు హాయిగా గడుస్తాయి. నియమం ప్రకారం విచారణ మర్నాడే, రేపు పదింటికి. వాళ్ళు నన్ను వదిలెయ్యాలంటే అయిదు జంట ప్రవేశాలు కెమెరాలో చూసి కూడా చూడలేదనాలి. పట్టుకోవాలంటే మాస్టారి పేరు రాసి ముద్ర వెయ్యాలి. తొమ్మిది మందికీ నామీద ఉన్న కోపం నాకు తెలుసు, ముద్ర వేస్తారు.

మధ్యాహ్నం మా ఇంట్లో బల్ల మీద ఫారం పెట్టాను. మొదటి గడి నింపి సంతకం చేశాను. రెండో గడి, సనపల లోకనాథం, 31వ అంతస్తు, 14వ గది, అని రాసి కలం ఆయన చేతికిచ్చాను.

ఆయన చదివారు. అర్థమైంది. కలం బల్ల మీద పెట్టేశారు.

"నిన్ను ఎండలోకి పంపించే కాగితం మీద నేను సంతకం పెట్టను దమయంతీ. నన్ను అడక్కు."

"పెట్టకపోతే నేను ఉంటాను. సాయంత్రం ఎవరో ఒకరు కెమెరా కట్టేసి మిమ్మల్ని తోసేస్తారు."

"తొయ్యనీ."

"మాస్టారూ, మీరు లేరన్న రెండు వందల పద్నాలుగు మంది కోసం అబద్ధం చెప్పారు. మీకు తలుపు తీసి, తీశానని చెప్పినదాన్ని నేనొక్కదాన్నే. నా కోసం నిజం చెప్పండి."

ఆయన కళ్ళజోడు తీశారు. నేను తొందరపెట్టలేదు. పక్కగదిలో ఎవరో టీవీ పెట్టారు, ఆపేశారు. ఆయన మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, ఫారం దగ్గరికి లాక్కుని, నేను రాసింది మరోసారి మొదటి నుంచీ చదివారు.

నాలుగు గంటల పది నిమిషాలకు సంతకం పెట్టారు.